ఎర్ర డబ్బా కింద

కోడిపిల్లల మీద గంప మూసినట్టు, ఫ్రీజర్‌లోంచి తీసిన చిట్టి సీసాల మీద ఐలీ నుర్మి తన ఎర్ర కాఫీ డబ్బాను బోర్లించింది. డబ్బా నెత్తిన అరచేత్తో ఒక్కసారి తట్టింది. గది వెచ్చదనం లోపలివాటి ఒంటికి పట్టేదాకా ఇక ఆ డబ్బాను మంత్రి వచ్చి అడిగినా ఎత్తేది లేదు.

పేరుకు సీసాలే గాని వాటిలో సీసం లేదు. గాజు ఒళ్ళు, రబ్బరు మూత, కడుపులో రాగి. కాపర్ పెప్టైడ్ అంటారు దాన్ని. గడ్డకట్టించి, ఆ చలిలోనే తడినంతా లాగేసి ఆరబెట్టిన పొడి. సీసా అడుగున ఎండాకాలపు ఆకాశాన్ని గోటితో గీకి అంటించినట్టు నీలంగా ఇంత బిళ్ళ ఉంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఆ బిళ్ళను కేకు అంటారు. తినే కేకు వేరు. దాని సంగతీ వస్తుంది, తొందర లేదు.

"చలిలోంచి వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టాలి. ఒళ్ళు వెచ్చబడకుండానే కోటు విప్పితే వాడికి జలుబు, మనకి తలనొప్పి" అని కొత్తగా చేరినవాళ్ళకు ఐలీ పాఠం చెప్పేది. చల్లటి సీసా మూత తీస్తే గదిలోని గాలి లోపలికి దూరి, గాజుకు చెమట పట్టి, పొడి కాస్తా ముద్దవుతుంది. వెలుతురు తగిలినా దానికి పడదు. అందుకే డబ్బా. "మూత తెరిచేముందు కాసేపు మూతి మూసుకుని కూర్చోండి. ఈ ఉద్యోగంలో సగం చదువు అదే."

ఆమె పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. చిన్నప్పట్నుంచి కట్టెలు కొట్టినదని వీపు చూస్తేనే తెలుస్తుంది. తెల్ల జుట్టును అద్దం ముందు నిలబడి తనే కత్తిరించుకుంటుంది. అద్దం అబద్ధం చెప్పిందో, కత్తెర తప్పు విన్నదో, ఎడమవైపు ఎప్పుడూ కాస్త పొట్టి. స్పిరిట్‌తో కడిగీ కడిగీ వేళ్ళ కణుపులు ఎండిన బంకమట్టిలా పగిలి ఉంటాయి. బాబియాక్ మందుల దుకాణం వెనకగదిలో ఆ చేతులు ముసలివయ్యాయి. ముందుగదిలో మందులు అమ్ముతారు. వెనకగదిలో, డాక్టర్లు రాసి పంపినవాటిని కొలిచి కలుపుతారు. ముందుగదిలో పలకరింపులు, వెనకగదిలో పలుచన చేయడాలు.

కిటికీ అవతల, కెనడాలోని సడ్‌బరీ ఊరి నల్లబండలు మంచు కప్పుకుని పడుకున్నాయి. ఉమ్మితే నేల చేరేలోపు గడ్డకట్టే ఫిబ్రవరి. బండల వెనక గని పొగగొట్టం. ఐలీ తండ్రి ఆ బండల కిందే రాగి తవ్వాడు. "ఆయన టన్నుల్లో తవ్వాడు, నేను తునకల్లో కలుపుతున్నాను. మా వంశానికి రాగం రాలేదు గాని రాగి మాత్రం వదల్లేదు" అని ఐలీ నవ్వేది. ఎర్ర డబ్బా ఆయనదే. దానిలో కాఫీ పొడి పోసుకుని గనిలోకి దిగేవాడు. పక్కన ఉన్న సొట్ట ఏదో రాయి పడి వచ్చింది. గనిలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఊళ్ళో రాతిమీద చెక్కారు. ఆయన మర్యాదగా మంచం మీద పోయాడు కాబట్టి ఆయన పేరు ఎక్కడా లేదు.

ఐలీ పేరు కూడా ఎక్కడా లేదు. కాకపోతే ఒక్క పేరుంది, నోటిమాటగా. ఆమె కాపలాలో మందుల ఫ్రిజ్‌లోకి తిండి వస్తువు దూరలేదు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు తన పెరుగు డబ్బా ఓ మూల పెట్టబోతే, ఆ పెరుగును ఆయన చేతికే ఇచ్చి, చెంచా కూడా ఇచ్చి, "ఇప్పుడే తినెయ్యండి" అంది. ఇప్పటి యజమాని ఓరెస్ట్ బాబియాక్ బడిపిల్లవాడిగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ చేసిన పెరోగీల గిన్నె, ఉడికించిన కజ్జికాయల్లాంటివి, అందులో దాచాడు. ఐలీ ఆ గిన్నెను వెనకమెట్ల మీద మంచులో పెట్టింది. కాకులు పండగ చేసుకున్నాయి. ఓరెస్ట్ ఏడ్చాడు. వాళ్ళ నాన్న ఐలీకి కాఫీ పోసి ఇచ్చాడు.

ఆ రోజు ఆమె ఉద్యోగానికి ఆఖరు రోజు. ముందురోజు సాయంత్రం ఆమె ఓరెస్ట్ బల్ల మీద తాళాలు పెట్టబోతుంటే ఒక కాగితం కింద ఏదో మెరిసింది. అరచేయంత రాగి రేకు. దానిమీద అక్షరాలు చెక్కి ఉన్నాయి: ఐలీ ఫ్రిజ్. ఇందులో తిండి పెట్టరాదు. తలుపుకు బిగించడానికి నాలుగు మూలలా చిల్లులు కూడా ఉన్నాయి. ఐలీ కాగితాన్ని ఎలా ఉన్నదాన్ని అలా కప్పేసి, ఏమీ చూడనట్టు ఇంటికెళ్ళి, రాత్రి ఇంటి ఆవిరిస్నానం గదిలో చెమటలు కక్కుతూ ఒక్కతే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుకుంది. రాగి మీద పేరు. నాన్నా, విన్నావా, మనదే రాగి, మనదే పేరు.

"ఐలీ, నువ్వు కూర్చో. ఫ్రిజ్ నేను చూస్తాలే" అంటూ జినెట్ లబెల్ పరిగెత్తుకొచ్చింది. ఆమె ఐలీతోపాటు వెనకగదిలో పనిచేసే మనిషి. పొడుగ్గా, పల్చగా, చీపురుకు గౌను తొడిగినట్టు ఉంటుంది. మామూలుగా వచ్చీ రాగానే తల మీద టోపీ తియ్యకుండా ఊళ్ళో కబుర్లన్నీ దులిపేది, ఇవాళ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టుంది.

"ఎందుకూ, నా కాళ్ళు కూడా రిటైరయ్యాయా?" అంటూ ఐలీ ఫ్రిజ్ దగ్గరికి నడిచింది.

తలుపు వేలెడు సందు తెరిచి ఉంది.

ఆ సందులోంచి అట్టపెట్టె మూల ఒకటి బయటికి పొడుచుకొచ్చి, లోపల ఎవరున్నారో చెప్పనన్నట్టు నక్కి చూస్తోంది. ఐలీ తలుపు పూర్తిగా తీసింది. పై అరలో పెద్ద బ్లూబెర్రీ కేకు. దానిమీద నీలం క్రీముతో 'మా ఐలీకి ప్రేమతో'. కింది అరలో నిన్న తను కలిపిన మందు సీసాలు, చర్మవైద్యం క్లినిక్‌కు ఇవాళ వెళ్ళాల్సినవి, వరసగా నిలబడి రాత్రంతా గది గాలి పీల్చాయి. కేకు చూస్తే ఎవరైనా కేక పెడతారు. ఐలీ పెట్టలేదు. అదే జినెట్‌ను భయపెట్టింది.

"జినెట్."

"ఊఁ."

"ఏంటిది?"

"నిన్ను ఆశ్చర్యపరుద్దామని..."

"పరిచావు. బాగా పరిచావు. ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేదా? బయట ఊరంతా ఫ్రిజ్జేగా."

"బయట పెడితే కాకులు తినేస్తాయిగా. కారులో పెడితే క్రీము గడ్డకట్టి పగులుతుంది. నిన్న నువ్వెళ్ళాక పెట్టాను. తలుపు మూసే వెళ్ళానే. మూసుకుందనే అనుకున్నా."

"మూసుకుంటే నేనిప్పుడు నోరు మూసుకుని ఉండేదాన్నిగా."

ఫ్రిజ్‌లో రెండు ముళ్ళ థర్మామీటరు వేలాడుతోంది. ఒక ముల్లు ఇప్పటి సంగతి చెబుతుంది. రెండోది ఎంతవరకు ఎక్కిందో అక్కడే ఆగిపోయి, ఎవరో బటన్ నొక్కేదాకా కిందికి దిగదు. అది పచ్చ గీత దాటి, పసుపు దాటి, ఎర్రలో నిలబడి ఉంది. వేడెక్కితే మోగాల్సిన గంట ఆకురాలు కాలంలోనే మూగబోయింది. బాగు చేయిస్తానని ఓరెస్ట్ అప్పట్నుంచి అంటూనే ఉన్నాడు.

జినెట్ ఒక సీసా తీసి కిటికీ వెలుగుకు పట్టింది. "చూడు, నీలంగానే ఉంది. మసక లేదు, నలక లేదు. ఏం కాలేదేమో."

"చెడిపోయినవన్నీ చెడ్డగా కనబడితే ఈ లోకానికి మనమెందుకు, కళ్ళు చాలు."

"అది మొహానికి రాసుకునేదేగా, ఐలీ. మింగేది కాదు."

"ఎవరి మొహం? రాగి కరిగించే కొలిమిలో కాలినవాడి మొహం. ఆ మందు పనిచేస్తుందో లేదో డాక్టరు చూసుకుంటాడు. పాడుకాకుండా ఉంచింది మనమని ఆ రోగి నమ్ముతున్నాడు. కాలినవాడికి మళ్ళీ మనం వాత పెడతామా?"

జినెట్ సీసాను దించింది. ఆమె చూపు థర్మామీటరు కింది బటన్ మీద వాలింది. "ఒక్కసారి నొక్కితే చాలు" అంది, గొంతు లోపల్లోపలే.

"నొక్కితే ముల్లు దిగుతుంది. సీసాలోది దిగదు."

"నీకేం, సాయంత్రం వెళ్ళిపోతావు. నాకు?" జినెట్ గొంతు ఇప్పుడు బయటికొచ్చింది. "పోయిన వేసవిలో ఆ కుర్రాడు మందులు ఎండలో వదిలేశాక ఓరెస్ట్ ఏమన్నాడో మర్చిపోయావా? ఎవరి చేతిలో పాడైతే వాళ్ళు ఇంటికే అన్నాడు. పంపించాడు కూడా. నా ఉద్యోగంతోనే గదా రెయాల్ మందుల ఇన్సూరెన్స్. నా ఉద్యోగం పోతే మా ఆయనకి గాలి పోతుంది, ఐలీ."

రెయాల్ కొలిమిలో పనిచేసి ఊపిరితిత్తులను అక్కడే వదిలేసి వచ్చినవాడు. ఇప్పుడు ముక్కుకు గొట్టం పెట్టుకుని టీవీలో హాకీ చూస్తాడు.

ఐలీ ఒక్కో సీసాకూ 'వాడరాదు' అన్న ఎర్ర చీటీ కట్టడం మొదలుపెట్టింది. కట్టినదాన్ని కట్టినట్టు మూత తీసి వ్యర్థాల జాడీలోకి వంచింది. సింకులో పొయ్యదు. రాగి చేపలకు పడదు. ఈ ఊరి చెరువుల్లో చేపలు మళ్ళీ పుట్టడానికి ఎంతకాలం పట్టిందో ఆమెకు గుర్తే. నీలం నీలం చారలు జాడీ గోడల మీంచి జారాయి. నిన్నటి రోజంతా అలా జారిపోయింది. తర్వాత కేకు పెట్టెను రెండు చేతులా ఎత్తి, వెనకతలుపు తీసి, మెట్ల మీద మంచులో పెట్టి వచ్చింది.

"అయ్యో, కాకులు" అంది జినెట్.

"వాటికీ నా మీద ప్రేమే."

అప్పుడే ఓరెస్ట్ బాబియాక్ లోపలికొచ్చాడు. చొక్కా జేబులో మడత పెట్టిన ఉపన్యాసం, పెదాల మీద దాని మొదటి వాక్యం. కోటు జేబులో ఏదో బరువైనది ఉండి ఆ వైపు కోటును కిందికి లాగుతోంది. ఎర్ర చీటీల ఖాళీ సీసాలు చూసి మొదటి వాక్యం మింగేశాడు. ముల్లు చూశాడు. ఫ్రిజ్ గోడకు అంటుకున్న నీలం క్రీము చూశాడు, వెనకతలుపు తీసి మెట్ల మీది కేకునూ దానిమీది అక్షరాలనూ చూశాడు.

"ఎవరు పెట్టారు ఇందులో?"

జినెట్ నోరు తెరిచింది. ఐలీ మంచుబూటు వెళ్ళి ఆమె పాదం మీద కూర్చుంది.

"నేనే" అంది ఐలీ.

"మీరా?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

"మీ కేకు మీరే చేసుకున్నారా?"

"మీరు బిస్కెట్లతో సరిపెడతారని అనుమానమొచ్చింది. మీ నాన్న హయాంలో పాత క్యాషియరుకు అంతేగా ఇచ్చింది. రెండు బిస్కెట్లు, ఒక పెన్ను. ఆ పెన్ను కూడా రాయలేదు."

"దానిమీద 'మా ఐలీకి ప్రేమతో' అని కూడా మీరే రాసుకున్నారా?"

"నాకంటే నన్నెక్కువ ప్రేమించేవాళ్ళు ఎవరున్నారు?"

ఓరెస్ట్ మెల్లగా జినెట్ చేతుల వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో నీలం. రుద్ది రుద్ది కడిగినా వదలని మిఠాయి రంగు. తర్వాత ఐలీ వైపు తిరిగాడు.

"మీకు యాలకుల బన్ను తప్ప ఇంకేదీ చెయ్యడం రాదు. నా చిన్నప్పట్నుంచి చూస్తున్నా."

"రాదని ఎవరన్నారు? చెయ్యలేదంతే."

"ఐలీ గారూ." అతని గొంతు తగ్గింది. "ఎవరి పేరు చెబితే వాళ్ళ పేరే రాయాలి నేను. క్లినిక్‌కూ అదే చెప్పాలి. ఇంతకాలం మీరు... ఇవాళే ఇలా రాయిస్తారా?"

ఒప్పుకుంటే ఏం పోతుందో ఐలీకి తెలుసు. పోయేది ఆ కోటు జేబులోనే ఉంది. దాని బరువుకు గుడ్డ ఎలా సాగిందో ఆమెకు కనిపిస్తోంది. నాలుగు మూలలా చిల్లులు, చెక్కిన అక్షరాలు. చెయ్యి చాస్తే అందేంత దూరం. ఆమె చూపును అక్కణ్ణించి పీకి థర్మామీటరు మీద పెట్టింది.

"రాయి. నుర్మిలో అక్షరాలు తప్పులు పోనివ్వకు. దాని కిందే గంట సంగతి కూడా రాయి. ఆకురాలు కాలం నుంచి మూగది అని. నా తప్పు పెద్ద అక్షరాల్లో రాసుకో, నీది చిన్న అక్షరాల్లో రాసుకో, నాకేం పట్టింపు లేదు. కానీ రెండూ ఉండాలి."

"రూలు ప్రకారం మిమ్మల్ని..."

"ఇంటికి పంపాలి. పంపు. నువ్వు తరిమితే తరిమినట్టు, తరమకపోతే రిటైరైనట్టు. ఎలా వెళ్ళినా ఎక్కేది అదే బస్సు."

ఓరెస్ట్ నవ్వబోయి మానుకున్నాడు. కోటు జేబు మీద చెయ్యి వేసి, లోపలిది గలగలమనకుండా నొక్కిపట్టుకున్నాడు. "గంటకు ఇవాళే మనిషిని పిలిపిస్తాను" అన్నాడు. "మధ్యాహ్నం అందరినీ రమ్మన్నాను, మీకోసం."

"వచ్చినవాళ్ళని చేతులు కడుక్కోమను. క్లినిక్ బండి వచ్చేలోపు ఇవన్నీ మళ్ళీ కలపాలి. వీడ్కోలు తర్వాత, ముందు మందు కోలుకోనీ."

అతను వెళ్ళాడు. ఐలీ బూటు తీసింది. జినెట్ తన పాదం వైపు చూసుకుంది.

"ఎందుకు చేశావే ఇలా?"

"టోపీ పెట్టుకో. చేతులు కడుక్కో. ఎర్ర డబ్బా కిందవాళ్ళు లేచి ఉంటారు."

ఇద్దరూ గౌన్లు, ముసుగులు వేసుకున్నారు. ఐలీ డబ్బా ఎత్తింది. సీసాలు చెమట పట్టకుండా పొడిగా, బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఫ్రీజర్‌లోంచి ఇంకొన్ని తెచ్చి వాటి చోట డబ్బా కింద పెట్టింది. లేచినవాటిని గాజు తలుపున్న శుభ్రమైన పెట్టెలోకి మార్చింది. రబ్బరు మూతల్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చింది. క్రిములు పెరగకుండా మందు వేసిన నీళ్ళను సిరంజిలోకి లాగి, సూదిని సీసా గోడవైపు వంచి, నీటిని గోడమీంచి జార్చింది. బిళ్ళ నెత్తిన పొయ్యదు. "పొద్దున్నే లేచినవాడి మొహాన నీళ్ళు కొట్టకూడదు, కాళ్ళ మీద పోస్తే చాలు." నీళ్ళు అడుక్కి చేరగానే బిళ్ళ నీలంగా నిట్టూర్చి, కరిగి, సీసా అంతా వ్యాపించింది.

జినెట్ తన సీసాను గబగబా ఊపబోయింది.

"కుదపకు. కుదురుగా తిప్పు. నువ్వు కంగారు పడితే అదీ పడుతుంది."

జినెట్ సీసాను అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా దొర్లించింది. ముసుగు పైన కళ్ళు నిండాయి.

"ముసుగులో ఏడవకే. తడిస్తే మార్చాలి. పెట్టెలో కొత్తవి అయిపోవచ్చాయి."

జినెట్ ఏడుస్తూనే నవ్వింది. కాసేపటికి అంది: "ఆ రాగి రేకు సంగతి నాకు తెలుసు. అక్షరాలు ఎలా ఉండాలో నేనే చెప్పాను ఓరెస్ట్‌కి."

"ఏ రేకు? నేనే రేకూ చూడలేదు."

"అబద్ధం."

"ఇవాళ్టికి ఇది రెండోది. మొదటిదంత కష్టంగా లేదు."

"నేను వెళ్ళి చెప్పేస్తా."

"చెప్పు. చెప్పి రెయాల్ దగ్గరికెళ్ళి, నీ గాలి నా నిజాయితీకి ఇచ్చేశానని కూడా చెప్పు." ఐలీ సీసాను వెలుగుకు పట్టి చూసింది. తేటగా ఉంది. కలిపిన తేదీ, పారబోయాల్సిన తేదీ రాసి, చీకటి పెట్టెలో పెట్టింది. "వాళ్ళు నన్ను ఏమనుకుంటారో నాకెందుకు? అనుకునేవాళ్ళు అనుకుంటారు, ఉన్నది ఉంటుంది. నా ఫ్రిజ్‌లోంచి చెడ్డ సీసా ఒక్కటి కూడా బయటికి పోలేదు. అది రేకు మీద రాయక్కర్లేదు. ఎవడైనా కాదంటే రమ్మను, బస్టాపులో ఉంటా."

మధ్యాహ్నం ముందుగదిలో జనం చేరారు. నవ్వులు వినిపించాయి. తర్వాత ఓరెస్ట్ ఏదో చెప్పినట్టున్నాడు, నవ్వులు ఆగిపోయి గుసగుసలు మొదలయ్యాయి. ఐలీనా, ఆ ఐలీయేనా అని ఎవరో అన్నారు. వెనకగదిలో ఐలీ చెవులు ముసుగు తాళ్ళ కింద ఎర్రబడ్డాయి. చేతులు ఆగలేదు. జనం బిస్కెట్లు తిని వెళ్ళిపోయారు.

పొద్దు వాలుతుండగా క్లినిక్ బండి వచ్చింది. ఐలీ సీసాల పెట్టెను చల్లటి సంచిలో తనే పెట్టి, జిప్పు తనే లాగి, "గడ్డకట్టనివ్వకు, వేడెక్కనివ్వకు, ఎండ చూడనివ్వకు" అని డ్రైవరుకు అప్పగింతలు పెట్టింది. "పెళ్ళికూతురా ఏంటమ్మా?" అన్నాడతను. "అంతకంటే ఎక్కువే. పెళ్ళికూతురైతే అలిగినా తిరిగొస్తుంది, ఇది చెడితే తిరిగిరాదు."

వెనకతలుపు తీస్తే మెట్ల మీద కాకులు. అట్టపెట్టెను నిలువునా చీల్చి, ముక్కులు నీలం చేసుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పెట్టె మూల ఒక్క 'ఐ' మిగిలింది. చూస్తుండగానే ఒక ముసలి కాకి దాన్నీ మింగింది. కేకు అక్షరాలా కాకుల పాలైంది. ఐలీ తలుపు చట్రానికి చెయ్యి ఆనించి, గదంతా దద్దరిల్లేలా నవ్వింది.

"చూశావుటే, నా వీడ్కోలుకు వీళ్ళొక్కళ్ళే నల్లసూట్లు వేసుకొచ్చారు."

కోటు తగిలించుకుంది. తాళాలు ఓరెస్ట్ చేతిలో పెట్టింది. అతను ఆమె కోసం ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. అతని కోటు జేబు ఇంకా అలాగే కిందికి లాగుతోంది.

"తలుపు అలా తెరిచి పట్టుకోకు, ఓరెస్టూ" అంది ఐలీ. "ఇవాళ తెరిచి ఉంచిన తలుపులు చాలు."

ఆమె మంచులోకి నడిచింది. బూట్లు కిర్రుకిర్రుమన్నాయి. మలుపు దగ్గర బస్సు దీపాలు కనిపించాయి, ఆగాయి, కదిలాయి. అంతే.

జినెట్ గౌను విప్పి, దీపాలార్పే ముందు పనివాళ్ళ భోజనాల గదిలోకి వచ్చింది. బల్ల మీద ఎర్ర డబ్బా బోర్లించి ఉంది. కలిపే గదిలో తప్ప ఎక్కడా ఉండని డబ్బా. దాని అంచుల కిందనుంచి సన్నగా యాలకుల వాసన వస్తోంది. ప్రతి శుక్రవారం ఐలీ తెచ్చే బన్ను. పొద్దుటినుంచీ వెనక నడవలో, వేడి లేనిచోట, ఐలీ కోటు జేబులో ఉండి ఉంటుంది. జినెట్ డబ్బా మీద అరచెయ్యి పెట్టింది. ఇంకా చల్లగానే ఉంది. వెచ్చబడేదాకా ఎత్తకూడదు కదా అని చెయ్యి తీసేసి, కుర్చీ లాక్కుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

బల్ల మీద ఆ డబ్బా, సొట్ట ఉన్న వైపు ఆమె వైపుకు తిరిగి, గది వెచ్చదనాన్ని కొంచెం కొంచెంగా తాగుతూ ఉంది.